ఆంధ్ర తీరంలో ఉప్పెన ముప్పు అంచనా: ఒక పరిశీలన

1977 నవంబరు 19న నిజాంపట్నం సమీపంలో ఒక తుఫాను తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఈ రెండింటి గాలి వేగాలను పక్కపక్కన ఉంచి చూస్తే పెద్ద అంతరం కనిపించదు. మొదటిదానిలో గాలి వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లు, రెండవదానిలో దాదాపు 180 కిలోమీటర్లు. గాలి కలిగించే ఒత్తిడి దాని వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, మొదటి తుఫాను ఒత్తిడి రెండవదానికంటే సుమారు నాలుగో వంతు ఎక్కువ అనుకోవచ్చు. కాని సముద్రం స్పందించిన తీరు ఈ లెక్కకు లొంగదు. దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు వచ్చింది. విశాఖ రేవులోని ఆటుపోట్ల కొలమానంలో హుద్‌హుద్ వేళ నమోదైన పెరుగుదల, ఆ సమయానికి సహజంగా ఉండవలసిన మట్టం కంటే 1.4 మీటర్లు మాత్రమే. గాలిలో నాలుగో వంతుగా ఉన్న తేడా నీటిలో మూడున్నర రెట్లయింది. దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. హుద్‌హుద్ మృతుల సంఖ్య పదుల్లో ఉన్నది. ఆస్తి నష్టం మాత్రం నాటి రాష్ట్ర ప్రభుత్వ అంచనా ప్రకారం 21 వేల కోట్ల రూపాయలు దాటింది.

తుఫాను తీవ్రతను గాలి వేగంతో చెప్పే వర్గీకరణ తీరానికి ఉన్న ముప్పును చెప్పజాలదన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన. ముప్పు అంచనా తుఫానుతో కాక తీరంతో మొదలు కావాలి: తీరం ముందున్న సముద్రపు లోతు, తీరరేఖ వంపు, వెనుకనున్న నేల ఎత్తు, ఆ నేలమీద ఎవరు ఏ ఇళ్లలో ఏ రుతువులో ఉంటున్నారన్న వివరం. ఆంధ్ర తీరం నుంచి తీసుకొన్న ఉదాహరణలతో ఈ అంచనా ఎలా కడతారో, అందులో ఎక్కడ పొరపడే అవకాశం ఉందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. తుఫాను సూచన వేరు, ముప్పు అంచనా వేరు. ఇప్పుడు సముద్రంలో ఉన్న ఫలానా తుఫాను రేపు ఎక్కడ తీరం దాటుతుంది, ఎంత నీరు తెస్తుంది అన్నది సూచనకు సంబంధించిన ప్రశ్న. రాబోయే 50 ఏళ్లలో ఫలానా గ్రామం మీదికి ఎంత నీరు రావడానికి ఎంత అవకాశముంది, వస్తే ఏమేమి పోతాయి అన్నది అంచనాకు సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి జవాబు గంటల్లో కావాలి. తప్పయితే వెంటనే తెలిసిపోతుంది. రెండవదానికి జవాబు కరకట్ట ఎత్తులోను, రక్షిత భవనం స్థలంలోను, పేదలకిచ్చే ఇళ్ల స్థలాల ఎంపికలోను ఇమిడిపోతుంది. అది తప్పని తెలియడానికి ఒక తరం పట్టవచ్చు.

నీరు తీరం వద్ద పేరుకొనే విధానం

ఉప్పెన అంటే తుఫాను కారణంగా సముద్రమట్టం అసాధారణంగా పెరగడం. పైకి కనిపించే కెరటాలు దీనికి అదనం. ఈ పెరుగుదలకు రెండు మూలాలున్నాయి. తుఫాను మధ్యభాగంలో వాతావరణ పీడనం తగ్గినప్పుడు, ఆ మేరకు నీరు పైకి ఉబుకుతుంది. ఒక హెక్టోపాస్కల్ పీడనం తగ్గితే మట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 1977 తుఫాను మధ్యలో పీడనం 940 హెక్టోపాస్కళ్ల ప్రాంతానికి పడిపోయిందని తీసుకొంటే, ఈ కారణంగా వచ్చే పెరుగుదల 70 సెంటీమీటర్ల లోపే. మిగిలిన నాలుగు మీటర్లకు పైబడిన నీరు ఎక్కడినుంచి వచ్చినట్లు?

అది గాలి నెట్టుకొచ్చిన నీరు. గాలి నీటి ఉపరితలాన్ని తీరం వైపు లాగుతుంది. లోతైన సముద్రంలో అలా వచ్చిన నీరు అడుగునుంచి వెనుకకు మళ్లిపోతుంది. లోతు తక్కువగా ఉన్నచోట వెనుకకు పోయే దారి సన్నబడుతుంది; నీరు తీరం వద్ద పేరుకుపోతుంది. ఒక సరళమైన లెక్క వేసి చూడవచ్చు. సెకనుకు 40 మీటర్ల వేగంతో, అంటే గంటకు 144 కిలోమీటర్ల వేగంతో, తీరానికి ఎదురుగా నిలకడగా గాలి వీస్తున్నదని ఊహిద్దాం. ఘర్షణ గుణకాన్ని 0.002గా తీసుకొంటే ఒక చదరపు మీటరు నీటిమీద పడే లాగుడు సుమారు 3.8 న్యూటన్లు. తీరం ముందు 50 కిలోమీటర్ల మేర సముద్రం సగటు లోతు 10 మీటర్లయితే, తీరం వద్ద మట్టం దాదాపు 1.9 మీటర్లు పెరుగుతుంది. అదే గాలికి, అదే దూరానికి, సగటు లోతు 100 మీటర్లయితే పెరుగుదల 19 సెంటీమీటర్లే. నిజమైన తీరంలో లోతు ఇలా సమానంగా ఉండదు, గాలి నిలకడగా ఒకే దిక్కున వీచదు. అయినా లోతుకు, ఉప్పెనకు గల విలోమ సంబంధాన్ని ఈ లెక్క స్పష్టం చేస్తున్నది.

విశాఖ, దివిసీమల మధ్య అంతరం ఇక్కడ అర్థమవుతుంది. విశాఖ వద్ద కొండలు సముద్రం ఒడ్డుదాకా వచ్చాయి. తీరానికి చేరువలోనే నీరు లోతెక్కుతుంది. పెద్ద ఓడలు నిలిచే సహజ రేవు అక్కడ ఏర్పడటానికి కారణమైన భౌగోళిక లక్షణాలే ఉప్పెన ఎత్తును కూడా అదుపులో ఉంచాయి. కృష్ణా డెల్టా పరిస్థితి దీనికి విరుద్ధం. నది తెచ్చిన ఒండ్రు తీరం ముందు సముద్రాన్ని పూడ్చి పలుచన చేసింది. పైగా డెల్టా దక్షిణంగా సముద్రంలోకి పొడుచుకొని రాగా, దాని పడమటి పక్కన తీరం లోపలికి వంగి నిజాంపట్నం అఖాతమైంది. అలా వంగిన తీరంలోకి నెట్టుకొచ్చిన నీటికి పక్కలకు తప్పుకొనే దారి తక్కువ.

దీనికి తుఫాను దారి తోడవుతుంది. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు అపసవ్యదిశలో తిరుగుతాయి. బంగాళాఖాతం నుంచి మన తీరానికి వచ్చే తుఫానుకు కుడివైపున గాలి సముద్రం నుంచి నేలమీదికి, ఎడమవైపున నేలనుంచి సముద్రం మీదికి వీస్తుంది. 1977లో తుఫాను కన్ను నిజాంపట్నం వద్ద తీరం దాటగా దివిసీమ దానికి సరిగా కుడివైపున పడింది. అదే తుఫాను మరో 60, 70 కిలోమీటర్లు తూర్పుగా వచ్చి ఉంటే దివిసీమ ఎడమవైపుకు మారేది. గాలి ఇళ్లను కూల్చేది, కాని సముద్రం అంత ఎత్తున లోపలికి వచ్చేది కాదు. ఒక గ్రామానికి ఉప్పెన వస్తుందా రాదా అన్నది ఇంత సన్నని తేడా మీద ఆధారపడినప్పుడు, ‘అతి తీవ్ర తుఫాను’ అన్న ఒక్క మాట ఆ గ్రామానికి చెప్పగలిగేది స్వల్పం.

ఈ సంగతి అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞులకు మరో తీరంలో అనుభవానికి వచ్చింది. 2005లో కత్రినా తుఫాను తీరం దాటేనాటికి అయిదు తరగతుల కొలమానంలో మూడో తరగతికి తగ్గి ఉన్నది. అయినా మిసిసిపీ తీరంలో ఉప్పెన ఎనిమిది మీటర్లు దాటింది. అంతవరకు ఆ కొలమానంలో ప్రతి తరగతికి ఒక ఉప్పెన ఎత్తును జోడించి చెప్పేవారు. 2010 నుంచి ఆ ఎత్తులను తొలగించి, దానిని కేవలం గాలి కొలమానంగా ప్రకటించారు. మన వాతావరణ శాఖ వర్గీకరణ మొదటినుంచీ గాలి వేగాన్నే ఆధారం చేసుకొన్నది. గంటకు 222 కిలోమీటర్లు, అంతకు మించితే అది సూపర్ సైక్లోన్. వర్గీకరణలో లోపం లేదు. ఒక పనికి ఉద్దేశించిన కొలతను మరో పనికి వాడుకొనే అలవాటులోనే లోపం ఉంది.

ఒకే తీరం, రెండు తుఫానులు

ముప్పును మూడు అంశాల కలయికగా చూడటం ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి. ఒకటి విపత్కారకం, అంటే గాలి, నీరు, వాన. రెండవది దాని పరిధిలో ఉన్న జనం, ఇళ్లు, పొలాలు, రోడ్లు. మూడవది దుర్బలత్వం, అంటే ఆ జనం, ఆ ఇళ్లు దెబ్బకు ఎంతవరకు తట్టుకోగలవన్నది. ఈ మూడింటిలో ఏది సున్నా అయినా ముప్పు సున్నాయే. జనంలేని ఇసుకతిన్నె మీదికి 5 మీటర్ల నీరు వచ్చినా అది విపత్తు కాదు.

దుర్బలత్వం విలువ తెలుసుకోవడానికి 1977ను 1990తో పోల్చి చూడవచ్చు. 1990 మే 9న వచ్చిన తుఫాను కృష్ణానది ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. తీవ్రతలో అది 1977 తుఫానుకు ఏమాత్రం తీసిపోదు. ఉప్పెన కూడా 4, 5 మీటర్లదాకా వచ్చినట్లు అంచనా. మృతుల సంఖ్య మాత్రం వెయ్యిలోపు, అంటే 1977లో పదో వంతు. ఈ పదమూడేళ్లలో ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చాయి, హెచ్చరిక వ్యవస్థ బలపడింది, తీరగ్రామాల్లో స్తంభాలమీద ఎత్తుగా నిలిచిన రక్షిత భవనాలు లేచాయి, లక్షలాది మందిని తుఫానుకు ముందే తరలించారు. విపత్తు నిర్వహణ గురించి రాసేవారు ఈ పోలికను తరచుగా ఉదాహరిస్తారు. అది సమంజసమే.

అయితే తొమ్మిది వంతుల తగ్గుదలనంతా హెచ్చరిక ఖాతాలో వేయడం తొందరపాటవుతుంది. 1977 తుఫాను నవంబరులో, వరికోతల వేళ వచ్చింది. కోతలకోసం ఇతర ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు పొలాల దగ్గర తాత్కాలిక గుడిసెల్లో ఉన్నారు. వారికి ఆ ప్రాంతపు మెరక పల్లాలు తెలియవు. తలదాచుకొనే పక్కా ఇల్లు లేదు. 1990 తుఫాను మే నెలలో వచ్చింది. అప్పటికి పొలాలు ఖాళీ. ఒకే గ్రామంలో, ఒకే ఎత్తున వచ్చే నీటికి నవంబరులో ఒక సంఖ్య, మేలో మరో సంఖ్య బలి అవుతాయి. పదేళ్లకొకసారి లెక్కించే జనాభా పట్టికలు ఈ తేడాను చూపలేవు. వలస కూలీ తన ఊరి జనాభాలో లెక్కకు వస్తాడు. ప్రాణం పోయేది మరో ఊరిలో. ముప్పు పటాలు గీసేవారు జనగణన అంకెలను నేరుగా వాడుకొన్నప్పుడు, ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారే పటంలో లేకుండా పోతారు.

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను మరో విషయాన్ని బయటపెట్టింది. అది విస్తీర్ణంలో చిన్న తుఫాను. ఉప్పెన దివిసీమ స్థాయిలో రాలేదు. అయినా వెయ్యి మందికి పైగా మరణించారు. వారిలో సముద్రంమీద వేటలో ఉండిపోయిన మత్స్యకారులు చాలామంది. కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటాక కాపుకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది కనుక, ఆ కుటుంబాల నష్టం ఒక సంవత్సరపు పంటనష్టం కాదు. నీటిని మాత్రమే లెక్కించే అంచనాలో ఈ రెండు నష్టాలకూ చోటు దొరకదు. ‘ముప్పు’ అన్నప్పుడు దేనికి ముప్పు అన్నది ముందే తేల్చుకోవడం అవసరమని ఈ అనుభవం సూచిస్తున్నది.

ప్రకృతి రక్షణల విషయంలోను ఇలాంటి వివేచన కావాలి. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ మీద జరిగిన పరిశోధనల్లో సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్‌లది ప్రసిద్ధమైనది. కేంద్రపడా జిల్లాలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువగా ఉన్నాయని వారు గణాంకాలతో చూపారు. అదే అధ్యయనంలో ముందస్తు హెచ్చరిక వల్ల దక్కిన ప్రాణాలు అంతకంటే ఎక్కువని కూడా తేలింది. మొదటి నిర్ధారణను ఉదాహరించినంతగా రెండవదాన్ని ఎవరూ ఉదాహరించరు.

పునరావృత్తి కాలం అనే చిక్కు

ఫలానా ఎత్తు ఉప్పెన వందేళ్లకొకసారి వస్తుందని నివేదికల్లో కనిపిస్తుంది. ఇంజనీర్లకు ఇది అవసరమైన పరిభాషే, కాని చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది. వందేళ్ల ఉప్పెన అంటే వందేళ్ల విరామంతో వచ్చేది అని అర్థం కాదు; ఏ సంవత్సరంలోనైనా అది రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. ఆ లెక్కన 50 ఏళ్లు నిలవాలని కట్టిన ఇంటికి, తన జీవితకాలంలో అలాంటి ఉప్పెనను కనీసం ఒకసారి చూసే అవకాశం 39 శాతానికి పైనే. దీన్ని ‘అరుదైన ఘటన’ అనడం భాషాదోషమే.

అసలు ఆ నూటికి ఒక వంతును ఎలా రాబట్టారన్నది ఇంకా కీలకమైన ప్రశ్న. కృష్ణా డెల్టానే తీసుకొందాం. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది మరణించారు. ఆ తరువాత ఈ తీరాన్ని తుఫానులు తాకుతూనే ఉన్నా, ఆ స్థాయి ఉప్పెన మళ్లీ 1977లో వచ్చింది. విరామం 113 ఏళ్లు. ఆ పైన 1990లో మరొకటి. విరామం 13 ఏళ్లు. 1976లో కూర్చొని లెక్కవేసిన పరిశోధకునికి ఇది శతాబ్దానికి ఒకసారి కూడా రాని ఘటనగా తోస్తుంది. 1991లో లెక్కవేసినవారికి తరానికొకసారి వచ్చేదిగా తోస్తుంది. ఇద్దరి గణితంలోనూ తప్పు లేదు; మూడు ఘటనలనుంచి సగటు తీయవలసి రావడమే వారి ఇబ్బంది.

పాత రికార్డుల్లోకి వెళ్లి ఘటనల సంఖ్య పెంచుకొందామంటే మరో సమస్య ఎదురవుతుంది. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవును 1839లో ధ్వంసం చేసిన తుఫానులో మూడు లక్షల మంది మరణించారని, 40 అడుగుల కెరటం వచ్చిందని అనేక గ్రంథాల్లోను, పట్టికల్లోను కనిపిస్తుంది. ఓడల మరమ్మతులతో బతికిన ఒక చిన్న రేవుపట్టణం పరిమాణంతో పోల్చి చూస్తే ఆ మృతుల సంఖ్య నమ్మదగినదిగా లేదు. ఒక రచననుంచి మరో రచనకు పరిశీలన లేకుండా ఎక్కిన అంకెలు ఇవి. చరిత్ర పరిశోధకులు, వాతావరణ పరిశోధకులు కలిసి పనిచేయవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం. జిల్లా దస్త్రాలు, రేవు నివేదికలు, మిషనరీల ఉత్తరాలు, గుడి గోడలమీద మిగిలిన నీటి గుర్తులు గణాంకశాస్త్రానికి ముడిసరుకు. వాటిని వడపోయకుండా సమీకరణంలో వేస్తే వచ్చే ఫలితం కూడా వడపోయనిదే అవుతుంది.

ఈ కొరతను అధిగమించడానికి పరిశోధకులు కృత్రిమ తుఫానుల పద్ధతిని ఆశ్రయించారు. తుఫానును కొన్ని లక్షణాలతో నిర్వచిస్తారు: మధ్యభాగంలో పీడనం ఎంత తగ్గింది, గరిష్ఠ గాలి కేంద్రానికి ఎంత దూరంలో ఉంది, తుఫాను ఎంత వేగంతో కదులుతోంది, తీరాన్ని ఏ కోణంలో తాకుతోంది, ఎక్కడ తాకుతోంది. ఒక్కొక్క లక్షణం ఏ విలువల మధ్య ఎంత తరచుగా ఉంటుందో మొత్తం బంగాళాఖాతపు రికార్డునుంచి గ్రహిస్తారు. ఆ విలువలను రకరకాలుగా కలిపి, ఇంతవరకు రాని కాని రాగల వేలకొలది తుఫానులను కంప్యూటర్‌లో సృష్టిస్తారు. ప్రతి తుఫానుకు గాలిక్షేత్రాన్ని లెక్కించి, దాన్ని సముద్ర నమూనాకు అందిస్తే తీరంలో ప్రతిచోటా నీటిమట్టం వస్తుంది. మన దేశంలో ఉప్పెన నమూనాలకు ఢిల్లీ ఐఐటీలో శిశిర్ కుమార్ దూబే తదితరులు పునాది వేశారు. ఉప్పెన హెచ్చరికలకు అవసరమైన గణనలను ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ నిర్వహిస్తున్నది. కృత్రిమ తుఫానుల బలం ఎక్కడుందంటే, గత 150 ఏళ్లలో అదృష్టవశాత్తు తప్పించుకొన్న గ్రామాన్ని అవి సురక్షిత గ్రామంగా పొరబడవు.

సూచికలలో దాగిన నిర్ణయాలు

పూర్తిస్థాయి నమూనాలకు కావలసిన సమాచారం లేనిచోట తీర దుర్బలత్వ సూచిక అనే సులభ మార్గాన్ని అనుసరిస్తారు. తీరాన్ని ముక్కలుగా విభజించి, భూస్వరూపం, వాలు, తీరరేఖ మార్పు, ఆటుపోట్ల పరిధి, కెరటాల ఎత్తు వంటి ఒక్కొక్క అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. ఆ మార్కులను గుణించి, అంశాల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం 2008లో ఇటువంటి అయిదు అంశాలతో రాష్ట్ర తీరాన్ని పరిశీలించి, అందులో సుమారు 43 శాతం అత్యధిక ముప్పులో ఉన్నదని తేల్చింది. ఆ అధ్యయనంలో తీరం పొడవు 1,030 కిలోమీటర్లు. పాఠ్యపుస్తకాల్లో చదువుకొన్న 974 కిలోమీటర్లకూ దీనికీ తేడా చూసి కలవరపడనక్కరలేదు. వంకరలను ఎంత సూక్ష్మంగా కొలిస్తే తీరం అంత పొడవవుతుంది.

సూచిక పైకి నిష్పాక్షికంగా కనిపిస్తుంది. కాని మార్కులు వేయడంలోనే నిర్ణయాలు దాగి ఉంటాయి. ఆటుపోట్ల పరిధినే చూడండి. 1990ల తొలినాళ్లలో ఈ పద్ధతిని రూపొందించిన వివియన్ గోర్నిట్జ్, పోటుకు పాటుకు మధ్య తేడా ఎక్కువగా ఉన్న తీరానికి ఎక్కువ ముప్పు మార్కులు వేశారు. 1999లో అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన థీలర్, హామర్‌క్లోజ్‌లు దీన్ని తలకిందులు చేశారు. తేడా తక్కువగా ఉన్న తీరంలో సముద్రమట్టం ఎప్పుడూ పోటు మట్టానికి దగ్గరగానే ఉంటుంది కనుక, ఉప్పెన ఏ గంటలో వచ్చినా ప్రమాదమేనన్నది వారి వాదం. ఆంధ్ర తీరంలో ఈ పరిధి మీటరు, మీటరున్నర ప్రాంతంలో ఉంటుంది. మొదటి పద్ధతిలో దీనికి 2 మార్కులు, రెండవ పద్ధతిలో 4. మిగతా అంశాలన్నీ యథాతథంగా ఉంచి ఈ ఒక్క మార్పు చేస్తే సూచిక విలువ 41 శాతం పెరుగుతుంది. తీరం మారలేదు, తుఫాను మారలేదు. తుఫానుల తీరానికి రెండవ వాదమే సబబని నేను భావిస్తున్నాను. అయితే సూచికను వాడే పరిశోధక విద్యార్థులు పట్టికను అరువు తెచ్చుకొనే ముందు దాని వెనుకనున్న వాదాన్ని కూడా పరిశీలించాలి. మరో లోటు ఇంకా పెద్దది: పైన చెప్పిన అయిదు అంశాలలో మనిషి లేడు. 1977కు, 1990కి మధ్య తేడాను ఈ సూచిక ఎన్నటికీ పట్టుకోలేదు.

నేల ఎత్తు

డెల్టా గ్రామాలు సముద్రమట్టానికి ఒకటి, రెండు, మూడు మీటర్ల ఎత్తున ఉంటాయి. ఇక్కడ అర మీటరు పొరపాటు కూడా ఒక ఊరిని ముంపు పటంలో చేర్చగలదు, తొలగించగలదు. ఉచితంగా దొరుకుతుంది కనుక అనేక అధ్యయనాలు 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించిన ఎత్తుల పటాన్ని వాడుకొంటాయి. ఆ రాడార్ చెట్లున్నచోట నేలను కాక చాలావరకు కొమ్మల గుబురును, పట్టణాల్లో ఇంటి కప్పులను చూసింది. కొబ్బరితోటలు దట్టంగా ఉన్న కోనసీమ ఆ పటంలో ఉన్నదానికంటే ఎత్తుగా, కాబట్టి ఉన్నదానికంటే సురక్షితంగా కనిపిస్తుంది. 2019లో స్కాట్ కల్ప్, బెంజమిన్ స్ట్రాస్ ఈ దోషాన్ని సవరించి లెక్కించగా, సముద్రపు ముంపుకు లోనయ్యే జనసంఖ్య ప్రపంచవ్యాప్తంగా పాత అంచనాలకు మూడు రెట్లయింది.

నేల స్థిరంగా కూడా లేదు. కృష్ణా గోదావరుల మీద కట్టిన ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడంతో, డెల్టా తనను తాను పైకి పెంచుకొనే శక్తి క్షీణించింది. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని కుంగుతున్న డెల్టాల జాబితాలో కృష్ణను కూడా చేర్చింది. మరోవైపు 1993 తరువాత ఉత్తర హిందూ మహాసముద్రపు మట్టం ఏటా సుమారు 3.3 మిల్లీమీటర్లు పెరుగుతున్నట్లు భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ నివేదిక పేర్కొన్నది. ముప్పై ఏళ్లలో పది సెంటీమీటర్లు. 5 మీటర్ల ఉప్పెన ముందు ఇది స్వల్పమే. కాని కరకట్ట పైఅంచును అందుకోలేక ఆగిపోయే చిన్న, మధ్యస్థ ఉప్పెనలకు ఈ పది సెంటీమీటర్లు చాలు. అలాంటి ఉప్పెనలు మహా ఉప్పెనలకంటే ఎన్నో రెట్లు తరచుగా వస్తాయి.

ఎత్తుల సమస్య హెచ్చరికల దాకా వస్తుంది. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్‌లో హైయాన్ తుఫానుకు ముందు అధికారులు ‘స్టార్మ్ సర్జ్’ వస్తుందని ప్రకటించారు. తక్లోబాన్ నగరంలో చాలామందికి ఆ మాట అర్థం కాలేదు. సునామీ లాంటిదని చెప్పి ఉంటే వెళ్లిపోయేవాళ్లమని బతికి బయటపడినవారు తరువాత చెప్పారు. తెలుగువారికి ఆ ఇబ్బంది లేదు. తుఫాను, గాలివాన, ఉప్పెన అన్నవి మన భాషలో మూడు వేరువేరు మాటలు. లోటు మాటలో లేదు, అంకెలో ఉంది. సాధారణ పోటు మట్టం కంటే రెండు మీటర్ల ఎత్తున ఉప్పెన రాగలదని ప్రకటన వెలువడుతుంది. నాగాయలంకలోనో కోడూరులోనో ఉన్న మనిషికి కావలసింది తన గడపమీద ఎంత నీరు నిలుస్తుందన్న సమాచారం. మొదటి అంకెనుంచి రెండవ అంకెకు చేరాలంటే ఆ గడప సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో తెలియాలి.

దీనికి భారీ వ్యయమేమీ అవసరం లేదు. 1977 నీరు ఎంతవరకు వచ్చిందో స్వయంగా చూసినవారు ఆ గ్రామాల్లో ఇంకా ఉన్నారు. వారు చూపిన మట్టాన్ని పాఠశాల గోడమీద, రక్షిత భవనపు స్తంభంమీద గీతగా గీసి, ఆ గీత సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో సర్వే పరికరంతో కొలిచి పక్కన రాయించవచ్చు. తీర జిల్లాల కళాశాలల్లోని భూగోళశాస్త్ర, చరిత్ర విభాగాలు కలిసి ఒక విద్యా సంవత్సరంలో దివిసీమకంతటికీ ఈ పని పూర్తి చేయగలవు. ఆ గీత గ్రామస్థునికి హెచ్చరికలోని అంకెను అర్థమయ్యేట్లు చేస్తుంది. నమూనా కట్టే పరిశోధకునికి తన లెక్క సరిచూసుకొనే ఆధారమవుతుంది. 1977ను పెద్దవయసులో చూసిన తరం ఇప్పుడు డెబ్బయి, ఎనభయి ఏళ్ల వయసులో ఉన్నది.